వార్తల్లో పదం: హాట్ హ్యాచ్

ఇంటిల్లిపాదికీ పనికొచ్చే చిన్న హ్యాచ్‌బ్యాక్‌కు బలమైన ఇంజిన్, బిగుతైన సస్పెన్షన్ అమరిస్తే అది హాట్ హ్యాచ్. 1976లో అమ్మకానికొచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ ఈ తరహాకు పేరు తెచ్చింది. దాని 265 హార్స్‌పవర్ తాజా రూపం 2025లో మన దేశానికి దిగుమతైంది. అప్పట్లో ఎక్స్‌షోరూమ్ ధర 53 లక్షలు.

మన జేబుకు అందేవి వేరు. నాలుగు మీటర్లలోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజిన్ ఉంటే పన్ను తక్కువ. అందుకే 2021 నాటి హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, 2024 నాటి టాటా ఆల్ట్రోజ్ రేసర్ రెండూ చిన్న టర్బోలతో సుమారు 120 హార్స్‌పవర్ దగ్గర ఆగాయి. డిక్కీ రేసర్‌లో 345 లీటర్లు, ఐ20లో 311.

హైదరాబాద్‌లోని మణికొండ సందుల్లో, వరుస స్పీడ్ బ్రేకర్ల మీద బిగుతైన సస్పెన్షన్ నడుముకు పరీక్షే. పైగా రేసర్ మాన్యువల్ గేర్లతోనే వచ్చింది. ఆఫీసు వేళ ట్రాఫిక్‌కు ఎన్ లైన్ ఆటోమేటిక్ నయం. నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక మాత్రం, 120 కిలోమీటర్ల వేగపరిమితిలోనే, చెప్పినట్టు వినే స్టీరింగ్ ఇచ్చే హుషారు వేరు. కొనేముందు ఇంట్లో పెద్దవాళ్లను వెనక సీట్లో కూర్చోబెట్టి మీ వీధిలోనే నడిపి చూడండి.