కత్తి పక్కన పెట్టి చూడండి: కాంతారావు మీద అపోహలు – వాస్తవాలు

కారెంపూడి వీరుల గుడిలో పూజ ఆయుధాలకే. కార్తీక అమావాస్య నాడు మొదలై ఐదు రోజులు సాగే ఉత్సవంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో ఘట్టం నడుస్తుంది. ఎనిమిది వందల ఏళ్ళ నాటి యుద్ధాన్ని నిన్నమొన్న జరిగినట్టు చెప్పుకునే పల్నాటిలో, తెర మీద కత్తి పట్టిన కథానాయకుడికి అభిమానులు లేకపోతేనే వింత. గుడారాల టాకీసుల రోజుల్లో ‘కత్తి కాంతారావు బొమ్మ’ అంటే చాలు, నేల టిక్కెట్టు జనానికి మరో మాట అక్కర్లేదు. ఆ జనం ఇప్పుడు డెబ్బై దాటారు. వాదన మాత్రం చావలేదు. మాచర్ల, గురజాల వైపు ఏ అరుగు మీదైనా పాత సినిమాల ఊసు రానివ్వండి, పది నిమిషాల్లో ఎవరో ఒకరు ‘కాంతారావుకు అన్యాయం జరిగిందయ్యా’ అంటారు.

అన్యాయం జరిగిన మాట నిజమేననుకుంటాను. కానీ ఆయన్ను తీసిపారేసేవాళ్ళు చెప్పే అబద్ధాలు ఎన్నో, వెనకేసుకొచ్చేవాళ్ళు చెప్పేవీ దాదాపు అన్నే. రెంటినీ కాస్త తూర్పారబట్టాలి.

అపోహ: ‘పల్నాటి యుద్ధం’లో బాలచంద్రుడు కాంతారావే

కాదు. ఇది అచ్చంగా పల్నాటి పొరపాటు. కత్తి, కాంతారావు అన్న రెండు మాటలూ కలిసిపోవడం వల్ల, మన బాలచంద్రుడి ముఖం తలచుకోగానే కొందరికి ఆయన ముఖమే గుర్తుకొస్తుంది. 1947లో వచ్చిన ‘పల్నాటి యుద్ధం’లో బాలచంద్రుడు అక్కినేని నాగేశ్వరరావు. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి మధ్యలోనే కన్నుమూస్తే, ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేసిన చిత్రమది. అందులో బ్రహ్మనాయుడు గోవిందరాజుల సుబ్బారావు, నాగమ్మ కన్నాంబ. 1966లో గుత్తా రామినీడు మళ్ళీ తీసినప్పుడు బ్రహ్మనాయుడు ఎన్టీఆర్, నాగమ్మ భానుమతి, బాలచంద్రుడు హరనాథ్. చేయని వేషానికి కూడా జనం పేరు కట్టబెట్టారంటే అది ఒక రకంగా మెచ్చుకోలే. ఆయన పద్దులో మాత్రం రాయలేం.

అపోహ: ఎన్టీఆర్ వద్దన్న జానపదాలే కాంతారావు దాకా వచ్చేవి

తారీఖులు చూస్తే కథ తిరగబడుతుంది. బి.విఠలాచార్య దర్శకత్వంలో ఎన్టీఆర్ మొదట నటించింది 1963 నాటి ‘బందిపోటు’లో. అప్పటికే అదే విఠలాచార్యకు కాంతారావు ‘జయ విజయ’ (1959), ‘కనకదుర్గ పూజా మహిమ’ (1960), ‘వరలక్ష్మీ వ్రతం’ (1961), ‘మదనకామరాజు కథ’ (1962) చేసి ఉన్నాడు. కన్నడనాట టూరింగ్ టాకీసు నడిపిన విఠలాచార్యకు నేల టిక్కెట్టు వాడు ఎక్కడ ఈల వేస్తాడో తెలుసు. ఆ లెక్క ఆయన తెలుగులో సరిచూసుకున్నది చాలావరకు కాంతారావు మీదే. దారి పడ్డాక పెద్ద హీరో వచ్చాడు.

ఇక్కడ అభిమానులు గీత దాటి, తెలుగు జానపదానికి ఆద్యుడే కాంతారావు అనేస్తారు. అదీ తప్పే. 1951లో కె.వి.రెడ్డి ‘పాతాళభైరవి’లో తోటరాముడు గుహలోకి దిగే నాటికి కాంతారావు ఇంకా చిన్నాచితకా వేషాల వేటలోనే ఉన్నాడు. కథానాయకుడిగా నిలబడింది 1953లో హెచ్.ఎం.రెడ్డి ‘ప్రతిజ్ఞ’తో. తొలి తెలుగు టాకీ తీసిన చెయ్యే ఈయన్నూ తెర మీద నిలబెట్టింది. తర్వాత పాతికేళ్ళు ఆయన కత్తికి ఎదురు నిలిచిన రాజనాల తెరకు పరిచయమైందీ ఆ చిత్రంతోనే.

అపోహ: ఆయనకు వచ్చింది కత్తి తిప్పడం ఒక్కటే

దీనికి జవాబు చెప్పడానికి మొత్తం జీవితం అక్కర్లేదు, ఒక్క ఏడాది చాలు. అది 1963.

ఆ జనవరిలో కె.వి.రెడ్డి ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’ వచ్చింది. కృష్ణుడు ఎన్టీఆర్, అర్జునుడు అక్కినేని. వాళ్ళిద్దరి మధ్యా చిచ్చు పెట్టే నారదుడు కాంతారావు. దానికి మూలమైన గయోపాఖ్యానం పల్నాటివాళ్ళకు కొత్త కాదు. రంగస్థలం మీద కృష్ణుడి పద్యానికి, అర్జునుడి పద్యానికి వన్స్‌మోర్లు కొట్టిన ఊళ్ళివి. ఆ కథలో నారదుడు కొంచెం ఎక్కువ చేస్తే విదూషకుడైపోతాడు, కొంచెం తక్కువ చేస్తే వార్తాహరుడిగా మిగిలిపోతాడు. చెడ్డపని చేస్తూ మంచివాడిలా నవ్వాలి. అంతకు ముందు 1961లో ‘సీతారామ కల్యాణం’లోనూ, ఆ తర్వాత 1966లో ‘శ్రీకృష్ణ తులాభారం’లోనూ ఆ నవ్వే నవ్వాడాయన. తంబురా పట్టుకున్న ఆ చెయ్యి, కత్తి పట్టుకున్న ఈ చెయ్యి ఒక్కరివేనా అనిపిస్తుంది.

మార్చి 29న ‘లవకుశ’ విడుదలైంది. తెలుగులో తొలి పూర్తి నిడివి రంగుల చిత్రం. సి.పుల్లయ్య మొదలుపెడితే కొడుకు సి.ఎస్.రావు పూర్తిచేశాడు. అందులో కాంతారావు లక్ష్మణుడు. ఈ వేషానికి వాదన లేదు, గెలుపు లేదు. అన్న చెప్పిన పని వదినకు చెప్పకుండా ఆమెను అడవికి తీసుకుపోవాలి, అక్కడ చెప్పాలి, చెప్పి వెనక్కి తిరగాలి. చూసేవాళ్ళ కళ్ళు అంజలీదేవి మీద ఉంటాయి, కోపం రాముడి మీద ఉంటుంది. మధ్యలో నిలబడ్డవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. పట్టించుకోకపోయినా ఆ బరువు మొయ్యాల్సింది అతనే. ఆ ఘట్టంలో మీరు సీతను ఇంతకు ముందే చూసి ఉంటారు కదా, ఈసారి లక్ష్మణుణ్ణి చూడండి.

అదే ఏడాది విఠలాచార్య ‘గురువును మించిన శిష్యుడు’లో మళ్ళీ సిసలైన జానపద కథానాయకుడు. సరే, అది ఆయన సొంత గడ్డ.

అక్టోబరులో ‘నర్తనశాల’. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు. కీచకుడిగా ఎస్వీ రంగారావుకు జకార్తా చిత్రోత్సవంలో బహుమతి తెచ్చిన బొమ్మ కాబట్టి, ఎప్పుడు మాట్లాడుకున్నా ఎస్వీఆర్, సావిత్రి, బృహన్నలగా ఎన్టీఆర్ దగ్గరే ఆగిపోతాం. అందులో కృష్ణుడు కాంతారావు. ఒక్కసారి ఆలోచించండి. ‘మాయాబజార్’ వచ్చి అప్పటికి ఆరేళ్ళు. కృష్ణుడంటే ఎన్టీఆర్ అని జనం క్యాలెండర్లు కట్టించుకుని గోడకు తగిలించుకున్నారు. ఆ ఎన్టీఆర్ ఎదురుగా వేరే వేషంలో నిలబడి ఉండగా, నెమలిపింఛం ఇంకొకరి తల మీద! ఆయన్ను అనుకరిస్తే నవ్వులపాలు. పూర్తిగా వేరేగా చేస్తే ‘ఇతను కృష్ణుడేంటి’ అని అరుపులు. కాంతారావు రెండూ చేయలేదు. తగ్గి, నెమ్మదిగా, పెద్దమనిషి తరహాలో చేశాడు. హాల్లో ఎవరూ నొచ్చుకోలేదు. 1965లో ‘పాండవ వనవాసం’లో ఎన్టీఆర్ భీముడైతే, మళ్ళీ కృష్ణుడు ఈయనే.

నారదుడు, లక్ష్మణుడు, కత్తి వీరుడు, కృష్ణుడు, నాలుగూ ఒకే ఏట. ఇంకా ఏం చూపించాలో నాకు తెలియదు.

అపోహ: జానపదంలో నటుడికి పనేముంది, అంతా కెమెరా గారడీ

నరసరావుపేట కాలేజీ పిల్లల్లో కొందరు ఇప్పుడు ఫోన్లలో చైనా జానపదాలు చూస్తున్నారు. పొడుగు అంగీలు, నడుం దాకా జుట్టు, గాల్లో ఎగిరే కత్తులు, వెయ్యేళ్ళ తపస్సులు, మూడు జన్మల ప్రేమలు. అక్కడా ఇదే పోట్లాట. ‘లవ్ అండ్ రిడెంప్షన్’ (2020), ‘మిస్టీరియస్ లోటస్ కేస్‌బుక్’ (2023) చేసిన చెంగ్ యీ అనే నటుడి అభిమానులు, తాడు కట్టి ఎగరేస్తే ఎవరైనా ఎగురుతారు అన్న ఎత్తిపొడుపుకు ఏళ్ళ తరబడి జవాబు చెబుతూనే ఉన్నారు. మన తాతలు చెప్పిన జవాబే కొంచెం రంగు మార్చి చెబుతున్నారు. ఒక విషయంలో వాళ్ళ పని మరీ కష్టం. చైనాలో ఇలాంటి ధారావాహికలకు నటుడి బదులు వేరొకరు గొంతు ఇవ్వడం మామూలే. అందుకే ఫలానా కథలో ఆయన సొంత గొంతేనా అన్న దగ్గరే సగం గొడవ. కాంతారావు అభిమానికి ఆ బాధ లేదు. పాట ఒక్కటే నేపథ్య గాయకుడిది, మాట మొత్తం ఆయనదే.

గారడీ ఎలా జరిగేదో తెలిస్తే ఈ అపోహ నిలవదు. మనిషి మాయమవ్వాలంటే కెమెరా ఆపాలి, అతణ్ణి పక్కకు తప్పించాలి, మళ్ళీ తిప్పాలి. ఆ మధ్యలో మిగతావాళ్ళంతా ఉన్నవాళ్ళు ఉన్నట్టే బిగుసుకుపోవాలి. ఎత్తిన కత్తి ఎత్తినట్టే, తెరిచిన నోరు తెరిచినట్టే. ఒక అంగుళం కదిలితే తెర మీద ఎగిరిపడ్డట్టు కనిపిస్తుంది. ఒకే మనిషి ఇద్దరుగా కనిపించాలంటే కటకం ముందు సగానికి నల్లటి అడ్డు పెట్టి ఒకసారి తీసి, ఫిల్ము వెనక్కి చుట్టి, రెండో సగం మీద మళ్ళీ తీయాలి. ఎదురుగా ఎవరూ ఉండరు. గాల్లోకి చూసి కోప్పడాలి, గాల్లోకి చూసి జవాబివ్వాలి, చూపు సరిగ్గా అవతలివాడి కళ్ళున్న ఎత్తులో ఆగాలి. తీసింది అక్కడికక్కడే చూసుకునే వీలు లేదు. మద్రాసు లాబొరేటరీలో కడిగితేగానీ పండిందో ఎండిందో తేలదు. వేసిన సెట్టునే రంగు మార్చి మళ్ళీ వాడుకునే విఠలాచార్య దగ్గర ఫిల్ము వృథా చేసే నటుడు నాలుగు చిత్రాలు నిలవడు. కాంతారావు నిలిచాడు. 1965 నాటి ‘జ్వాలాద్వీప రహస్యం’ వగైరాలు కూడా కలుపుకుంటే ఆ లెక్క ఇంకా పెరుగుతుంది.

ఇక కత్తి సంగతి. అది ఉత్తుత్తి కత్తే కావచ్చు, దాని మొన కంటికి తగిలితే కన్ను ఉత్తుత్తిది కాదు. ఇద్దరి అడుగులూ కలవాలి, వేటుకు ముందు అవతలివాడికి కంటితో కబురు వెళ్ళాలి, చూసేవాడికి ఆ కబురు కనపడకూడదు. కాంతారావు, రాజనాల ద్వంద్వయుద్ధాలు ఈనాటికీ చూడబుల్‌గా ఉన్నాయంటే, ఆ ఇద్దరి మధ్యా ఉన్న నమ్మకం అలాంటిది.

అపోహ: పెద్ద హీరోలు ఆయన్ను తొక్కేశారు

ఇది అభిమానుల సొంత సరుకు. వినడానికి బాగుంటుంది, తెర మీది సాక్ష్యం ఒప్పుకోదు. నేషనల్ ఆర్ట్ థియేటర్ బ్యానరు మీద ‘సీతారామ కల్యాణం’ తీసినప్పుడు ఎన్టీఆర్ నారద వేషానికి కాంతారావును పెట్టుకున్నాడు. 1967లో విఠలాచార్య ‘చిక్కడు దొరకడు’లో ఇద్దరూ కలిసే కత్తులు పట్టారు.

తెలుగు సినిమాకు ఎన్టీఆర్, ఏయన్నార్ రెండు కళ్ళయితే కాంతారావు నుదుటి తిలకం అన్న మాట అభిమానులు గర్వంగా చెప్పుకుంటారు. నాకు ఆ మాట ఏనాడూ నచ్చలేదు. తిలకం లేకపోయినా చూపు ఆగదు కదా! పొగుడుతున్నామనుకుంటూనే పక్కన కూర్చోబెట్టడం అది. తొక్కింది మనుషులు కాదు, మన అంచనా. సాంఘికంలో ఏడిస్తే నటన, జానపదంలో పోరాడితే కాలక్షేపం అని పత్రికలు, పండితులు కలిసి గీసిన గీత అది.

అపోహ: సంపాదించిందంతా జల్సాలకు తగలేశాడు

సొమ్ము పోయింది సినిమాలోనే. సొంతంగా నిర్మాతగా దిగాడు. ‘సప్తస్వరాలు’, ‘గండర గండడు’ రెండూ 1969లోనే వచ్చాయి. నిర్మాణం ఆయన్ను ముంచింది. అంతలో జానపదాల గాలీ తగ్గిపోయింది. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చాక కుర్రకారు కత్తి వదిలి తుపాకీ వైపు తిరిగింది. చివరి రోజుల ఇబ్బందులు నిజమే. వాటినే పదే పదే చెప్పి సానుభూతి పోగెయ్యడం మాత్రం ఆయనకు చేసే మేలు కాదు. జాలి పడ్డవాడు టిక్కెట్టు కొనడు.

అపోహ: కత్తి దించాక ఆయనకు చేసేందుకేమీ మిగల్లేదు

‘ముత్యాల ముగ్గు’ (1975) చూడండి. రావు గోపాలరావు మాటల హోరులో, కథానాయకుడి తండ్రిగా కాంతారావు ఎంత నిదానంగా కూర్చుంటాడో. కిరీటం లేని రాజసం అది.

అపోహ: ఆయన మన గుంటూరు సీమవాడే

మనవాడే, కాకపోతే కృష్ణకు అవతలి ఒడ్డు. తాడేపల్లి లక్ష్మీకాంతారావు 1923 నవంబరు 16న కోదాడ దగ్గర గుడిబండలో పుట్టాడు. అప్పటి నల్లగొండ, ఇప్పటి సూర్యాపేట జిల్లా. పొందుగల వారధి దాటితే వాళ్ళ సీమే. 2009 మార్చి 22న హైదరాబాదులో కన్నుమూశాడు. పాత సినిమాల్లో తెలంగాణ వాళ్ళు ఎక్కడున్నారని అడిగేవాళ్ళకు ఈ ఊరి పేరొక్కటి చెబితే చాలు. 2025లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పురస్కారాలతో పాటు కాంతారావు పేరిట కూడా ఒక పురస్కారం మొదలుపెట్టింది. తొలిసారి అందుకున్నది విజయ్ దేవరకొండ.

మనవళ్ళకు చూపించాలనుకునే తాతలకు ఒక సలహా. ‘జ్వాలాద్వీప రహస్యం’తో మొదలుపెట్టకండి. గ్రాఫిక్సు మరిగిన పిల్లలు మొదటి రీలుకే నవ్వి లేచిపోతారు. ముందు ‘నర్తనశాల’ పెట్టండి, కృష్ణుడెవరో చెప్పకండి. ఆ తర్వాత ‘లవకుశ’. ‘ఇందాకటి కృష్ణుడూ ఈ లక్ష్మణుడూ ఒకరేనా తాతా’ అని వాళ్ళంతట వాళ్ళు అడిగాక, అప్పుడు తీయండి కత్తి.