అచ్చక్షరానికి వర్గం ఉందా?

వస్తువు, రూపం అన్న చర్చ వచ్చినప్పుడు మనం కథ గురించో, కవిత గురించో మాట్లాడుకుంటాం. వాటిని మోసే అచ్చక్షరానికీ ఒక రూపం ఉందనీ, దానికీ చరిత్ర ఉందనీ గుర్తించం. జర్మనీలో నాలుగు శతాబ్దాలు నడిచిన ఫ్రాక్టూర్ అక్షరాన్ని ఉదాహరణగా తీసుకుంటాను.

మధ్యయుగపు ఐరోపాలో లేఖకులు వెడల్పు పాళీతో అక్షరాలను ఇరుగ్గా, దట్టంగా రాసేవారు. పుట నల్లగా కనిపించేది గనుక ఆ రాతకు బ్లాక్‌లెటర్ అన్న పేరు స్థిరపడింది. 1450లలో గుటెన్‌బర్గ్ బైబిలును అచ్చు వేసినప్పుడు పోత పోయించింది ఆ రాతనే. పదహారో శతాబ్దపు తొలినాళ్లలో మాక్సిమిలియన్ చక్రవర్తి ప్రాపకంలో అందులోంచి ఫ్రాక్టూర్ రూపుదిద్దుకుంది. ఆ మాటకు 'విరిగినది' అని అర్థం. గుండ్రంగా తిరగవలసిన గీత అక్కడక్కడ విరిగి కోణమవుతుంది.

తక్కిన దేశాలు చాలావరకు రోమన్ అక్షరానికి మళ్లినా జర్మనీ దీన్ని వదలలేదు. రాజాజ్ఞలూ, ప్రార్థనలూ, రైతు ఇంటి పంచాంగాలూ ఇందులోనే అచ్చయ్యాయి. 1848లో లండన్‌లో జర్మన్ భాషలో వెలువడిన కమ్యూనిస్టు ప్రణాళిక తొలి ముద్రణ కూడా ఈ అక్షరాల్లోనే ఉంది.

1933 తర్వాత నాజీలు ఇదే అసలైన జర్మన్ అక్షరమని ఊరేగించారు. టానెన్‌బర్గ్ వంటి మొరటు, బిరుసు టైపులు గోడపత్రాలకూ, బెర్లిన్ స్టేషన్ల బోర్డులకూ ఎక్కాయి. 1941 జనవరి 3న బోర్మన్ సంతకంతో ఒక సర్క్యులర్ వచ్చింది. ఇవి యూదుల అక్షరాలు, ఇకమీదట వాడరాదని దాని సారాంశం. అది పచ్చి అబద్ధం. పైగా ఆ సర్క్యులర్ కాగితం మీద పార్టీ పేరు అచ్చయింది బ్లాక్‌లెటర్‌లోనే! ఆక్రమిత దేశాల ప్రజలు ఈ అక్షరాన్ని సులువుగా చదవలేకపోవడమే అసలు కారణమని చరిత్రకారులు పలువురు భావిస్తారు.

ఈనాడు బ్లాక్‌లెటర్ చదివించే అక్షరం కాదు, చూపించే అక్షరం. న్యూయార్క్ టైమ్స్, ల మోంద్ పత్రికల శీర్షికల్లో, పట్టాల మీద, బీరు సీసాల లేబుళ్ల మీద, హెవీ మెటల్ సంగీతపు అట్టల మీద దీన్ని చూస్తాం. ఒకచోట ప్రాచీనతను, మరొకచోట అధికారాన్ని, ఇంకొకచోట ధిక్కారాన్ని సూచిస్తుంది. నాలుగు మాటలకు అందం తెస్తుంది. పేరా అంతా పరిస్తే, నేటి పాఠకుడు తడబడతాడు. అన్నీ పెద్దక్షరాలే వాడితే మరీ కష్టం.

కాబట్టి రూపం పుట్టుకతోనే దోషి కాదు. అలాగని చరిత్ర అంటని అమాయకురాలూ కాదు. ఎవరు, ఎవరికోసం, ఏ పనికి వాడారన్నదాన్ని బట్టి దానికి అర్థం చేకూరుతుంది. పద్యాన్ని భూస్వామ్య రూపమని ఒక్కమాటతో కొట్టిపారేసే మిత్రులు దీన్ని ఆలోచించాలి. జాషువా 'గబ్బిలం' వెలువడింది కూడా 1941లోనే. కులవ్యవస్థను నిలదీసిన ఆ కావ్యం పద్యంలోనే ఉంది.