చూసినవారికి కనబడనిది

కిందటి యేడు మా కళాశాల వారు కొత్త వెబ్‌సైటు పెట్టించారు. అందులో తెలుగు భాగం సరిచూసే పని నా నెత్తిన పడింది. ఒత్తులూ దీర్ఘాలూ దిద్ది, "భేషుగ్గా వుంది" అని సంతకం పెట్టేశాను.

నెల తిరక్కుండానే మా బి.ఏ. క్లాసు అమ్మాయి ఒకతె నా గదికి వచ్చింది. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు.

"మాస్టారూ, స్కాలర్‌షిప్పు దరఖాస్తు నింపలేకపోతున్నాను. రేపే ఆఖరు" అన్నది.

"సూచనలన్నీ తెలుగులోనే వున్నాయి కదమ్మా!"

"ఒకసారి మీరే వినండి" అంటూ లాప్‌టాప్ నా ముందు పెట్టింది.

తెర మీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడరు అందులో వుంది. పేరు ఎన్.వి.డి.ఏ.; వెల లేదు. ఆస్ట్రేలియాలో చూపు లేని మైకేల్ కరన్ అనే యువకుడు 2006లో దాన్ని మొదలుపెట్టాడు. అది నేను దిద్దిన సూచనలు చదవసాగింది. తెలుగు ముక్క ఒక్కటీ లేదు! ఇంగ్లీషు అక్షరాలూ, కామాలూ, బ్రాకెట్లూ కలగాపులగంగా వినబడ్డాయి. సంగతేమిటంటే, మేము వాడింది యూనికోడు కాని పాత ఫాంటు. కంటికి తెలుగే; లోపల దాగినవి ఇంగ్లీషు గుర్తులు. ఇరవై యేళ్ళుగా తెలుగు చెబుతున్నవాణ్ణి, నా తెలుగు నాకే బోధపడలేదు.

పుట్టినతేదీ దగ్గర మరో చిక్కు. మౌసుతో కాలెండరు మీద నొక్కితే తప్ప తేదీ పడదు. ఆమె వాడేది కీబోర్డు. ఈ తంటాలు పడుతూండగానే పది నిమిషాల గడువు తీరి, నింపినదంతా చెరిగిపోయింది.

ఆ సాయంత్రం నేనే పక్కన కూర్చుని పూర్తిచేయించాను. వెళ్తూ వెళ్తూ, "వచ్చే యేడు నా అంతట నేనే నింపుకోవాలని వుంది మాస్టారూ" అన్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వెబ్‌సైట్లు అందరికీ అందాలన్న అంతర్జాతీయ నియమాలు 1999 నుంచీ వున్నాయి. మన దేశంలో వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనన్నది. వెబ్‌సైట్లను పరీక్షించేటప్పుడు చూపు లేనివారిని కలుపుకోవాలన్న మాట కూడా ఎత్తింది. నియమాలకేం లోటు లేదు. వాడేవారిని అడగకపోవడమే మా లోటు.

ఈ యేడు దరఖాస్తు తెరవకముందే ఆమెను పిలిచాము. చేతులు సరిగా స్వాధీనంలో లేని కుర్రాణ్ణి, వినికిడి లేని మరొకమ్మాయిని కూడా కూర్చోబెట్టాము. పనికి తగ్గ డబ్బు ఇప్పించాము. అది దయ కాదు, కష్టార్జితం. ముగ్గురూ కలిసి రెండు పేజీల తప్పులు పట్టారు. వాటిలో ఒక్కటీ నా కంటికి ఆనినది కాదు.

మొన్న ఆమె దరఖాస్తు తానే నింపి పంపుకున్నది. ఎంతసేపు పట్టిందమ్మా అని అడిగాను.

"ఏడు నిమిషాలు మాస్టారూ. మీరు దిద్దిన తెలుగు బాగుంది" అన్నది.