మోకాలి నొప్పి మాత్రకూ మూత్రపిండాలకూ ఏమిటి సంబంధం?

జంషెడ్‌పూర్‌లోని టెల్కో కాలనీలో తెలుగువాళ్లు చాలా ఏళ్లుగా ఉంటున్నారు. 1945లో మొదలైన టాటా ఇంజనీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీ పొట్టి పేరే ఈ టెల్కో. అక్కడ మొదట రైలు ఇంజన్లు చేశారు, 1954 నుంచి లారీలు. ఆ కాలనీలో రిటైరైన ఒక పెద్దాయనను ఊహించుకుందాం. ముప్ఫై ఏళ్లు నిలబడి పనిచేసిన మోకాళ్లు ఆయనవి. బీపీకి రెండు రకాల మాత్రలు, గుండె కోసం రోజూ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేసుకుంటారు. మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటింది. నొప్పి భరించలేక మందుల షాపుకు వెళ్లి, "నొప్పి మాత్ర ఇవ్వు బాబూ" అన్నారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని డైక్లోఫెనాక్ చేతికొచ్చింది.

నొప్పి తగ్గింది. నాలుగు రోజులకు మూత్రం తగ్గింది, పాదాలు వాచాయి. మాత్ర మోకాలికి కదా, కిడ్నీ జోలికి ఎందుకు వెళ్లింది?

నిజానికి ఆ మాత్రకు మోకాలు ఎక్కడుందో తెలియదు. రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. సైక్లోఆక్సిజినేజ్ అనే ఎంజైము ఎక్కడ కనిపిస్తే అక్కడ దాన్ని ఆపుతుంది. క్లుప్తంగా దీన్ని కాక్స్ అంటారు.

మన కణాల పైపొరలో అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఉంటుంది. దెబ్బ తగిలినా, సూక్ష్మజీవులు చొరబడినా అది పొర నుంచి విడిపోతుంది. కాక్స్ దాన్ని పట్టుకుని ఆక్సిజన్ చేర్చి కొత్త పదార్థంగా మారుస్తుంది. దాన్నుంచి ఆయా కణాలు తమకు కావలసిన ప్రోస్టాగ్లాండిన్లను, వాటి దగ్గరి బంధువులను తయారు చేసుకుంటాయి. గాయం దగ్గర అవి వాపును, నొప్పిని పెంచుతాయి. మెదడులో జ్వరం తెప్పిస్తాయి. జీర్ణాశయంలో మాత్రం ఆమ్లం నుంచి గోడను కాపాడే జిగురు పొరను నిలబెడతాయి. రక్తంలోని ప్లేట్‌లెట్లలో థ్రాంబాక్సేన్‌గా మారి రక్తం గడ్డకట్టడానికి తోడ్పడతాయి. అంటే ఒకచోట బాధ పెట్టేవీ మరోచోట కాపాడేవీ ఒకే కుటుంబానికి చెందినవే.

ఆస్పిరిన్ అమ్మకానికొచ్చి డెబ్బై ఏళ్లు దాటాక కూడా అది ఎలా పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపడమే దాని పని అని 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపించారు. 1982 నోబెల్ బహుమతిని ఆయన బెర్గ్‌స్ట్రోమ్, సామ్యుయెల్‌సన్‌లతో పంచుకున్నారు.

1990ల మొదట్లో కాక్స్ రెండు రకాలని తేలింది. కాక్స్-1 దాదాపు అన్ని కణాల్లోనూ నిత్యం పనిచేస్తుంది. కాక్స్-2 ఎక్కువగా గాయం, వాపు ఉన్నచోట పుడుతుంది. రెండూ కవలల్లా ఉంటాయి. లోపల ఒకచోట కాక్స్-1లో ఐసోల్యూసిన్ ఉంటే, కాక్స్-2లో దానికన్నా చిన్నదైన వాలిన్ ఉంటుంది. దాంతో కాక్స్-2లో పక్కన ఒక చిన్న అర తెరుచుకుంటుంది. ఆ అరలో మాత్రమే పట్టే మందు చేస్తే, కడుపులో పుండ్లు లేకుండా నొప్పి తగ్గించవచ్చనుకున్నారు. కాక్సిబ్ మందులు అలా పుట్టాయి.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పల్లు రెడ్డన్న బృందం కూడా ఇదే దారిలో పనిచేసింది. స్పైరులినాలోని నీలిరంగు ప్రోటీన్ సి-ఫైకోసయనిన్ కాక్స్-2ను ప్రత్యేకంగా అడ్డుకుంటుందని, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌తో కలిసి 2000లో ప్రచురించింది. అది ప్రయోగశాలలో చూసిన ఫలితం. దాన్ని చూసి స్పైరులినా బిళ్లలను నొప్పి మందు అనుకోకూడదు.

కాక్సిబ్‌ల కథ మాత్రం అడ్డం తిరిగింది. రక్తనాళాల గోడలు కాక్స్-2 సాయంతో ప్రోస్టాసైక్లిన్ తయారు చేస్తాయి. అది రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. కాక్సిబ్ దాన్ని ఆపి, గడ్డకట్టించే థ్రాంబాక్సేన్‌ను ముట్టుకోకుండా వదిలేస్తుంది. తూకం ఒకవైపు ఒరుగుతుంది. గుండెపోట్లు పెరిగాయని తేలడంతో 2004 సెప్టెంబరులో రోఫెకాక్సిబ్‌ను తయారీదారే వెనక్కి తీసుకుంది. అదే ఏడాది డిసెంబరులో మన దేశం నిషేధించింది. పాతకాలపు మందు కదా అని మనం తేలిగ్గా తీసుకునే డైక్లోఫెనాక్ కూడా కాక్స్-2 వైపే ఎక్కువ మొగ్గుతుంది, గుండెకు తెచ్చే ముప్పులో కాక్సిబ్‌లకు దగ్గరగా ఉంటుంది. మన పెద్దాయన గుండె కోసమే ఆస్పిరిన్ వేసుకుంటున్నారని మరిచిపోవద్దు.

ఇక కిడ్నీ సంగతి. అక్కడ కాక్స్-1, కాక్స్-2 రెండూ మామూలు రోజుల్లోనే ఉంటాయి. ఒంట్లో నీరు సరిపడా ఉంటే వాటి మీద కిడ్నీ అంతగా ఆధారపడదు. ఎండకు చెమటలు కారి నీరు తగ్గినప్పుడు శరీరం రక్తనాళాలను బిగిస్తుంది. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని నాళం మాత్రం మూసుకుపోకుండా ప్రోస్టాగ్లాండిన్లు తెరిచి పట్టుకుంటాయి. నొప్పి మాత్ర ఆ పట్టును వదిలిస్తుంది. పెద్దాయన బీపీ మాత్రల్లో ఒకటి మూత్రం పోయించేది, రెండోది రామిప్రిల్ లేదా టెల్మిసార్టాన్ లాంటిది అనుకోండి. మొదటిది నీటిని తగ్గిస్తుంది, రెండోది కిడ్నీ వడపోతకు కావలసిన ఒత్తిడిని తగ్గిస్తుంది. విడివిడిగా మంచి మందులే. వీటికి నొప్పి మాత్ర తోడైతే వడపోత అకస్మాత్తుగా పడిపోవచ్చు. వెంటనే గుర్తించి ఆ మాత్ర ఆపి చికిత్స చేస్తే చాలామందికి కిడ్నీ తేరుకుంటుంది.

అందుకే నొప్పి మాత్ర అడిగేటప్పుడు వాడుతున్న మిగతా మందుల పేర్లన్నీ చెప్పాలి. పూత మందు రాస్తే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. పారాసిటమాల్ గాయం దగ్గరి కాక్స్‌ను పెద్దగా ఆపదు, కాబట్టి చెప్పిన మోతాదు దాటకుండా వాడితే కడుపుకూ కిడ్నీకీ అది నయం. డెంగీ అనుమానం ఉన్న జ్వరానికీ అదే వాడాలి, ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ వద్దు. ప్లేట్‌లెట్లు పడిపోతున్న వేళ ఉన్నవాటి పని కూడా ఆగితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

ఆస్పిరిన్ విషయంలో ఇంకో చిక్కుంది. మిగతా మందులు కాక్స్‌ను కాసేపు ఆపి వదిలేస్తాయి. ఆస్పిరిన్ దాన్ని శాశ్వతంగా పాడుచేస్తుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు, కొత్త ఎంజైము చేసుకోలేదు. అందుకే ఒక చిన్న మాత్ర ప్రభావం ఆ ప్లేట్‌లెట్ బతికే వారం, పది రోజులూ ఉంటుంది. కానీ ముందుగా ఐబూప్రోఫెన్ వేసుకుంటే అది ఆ ఎంజైము ద్వారంలో కూర్చుని ఆస్పిరిన్‌ను లోపలికి రానివ్వదు. కొద్ది గంటల్లో ఆస్పిరిన్ రక్తంలోంచి వెళ్లిపోతుంది, ఆ రోజు గుండెకు అందాల్సిన రక్షణ అందకుండానే పోవచ్చు. రెండూ తప్పనిసరైతే ఏది ముందు, ఎంత సేపటికి రెండోది అన్నది డాక్టరును అడిగి రాయించుకోవాలి.