గూపీ, బాఘాల పునర్జన్మలు

ఒక తరమువారు బాల్యమున చూచి మురిసిన బొమ్మలను మరియొక తరమువారికి చలనచిత్రములుగా అందించు ప్రయత్నము నేడు దేశదేశములందు సాగుచున్నది. అమెరికాలో 1960లో టెలివిజన్‌పై ఆరంభమైన ‘ఫ్లింట్‌స్టోన్స్’ అను బొమ్మల కథామాలిక 1994లో సజీవులైన నటులతో వెండితెర కెక్కినది. 1969లో మొదలైన ‘స్కూబీ డూ’ 2002లో అదే దారి పట్టినది. తెలుగుదేశమునకు వచ్చినచో, హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థవారు 2008 నుండి టెలివిజన్‌లో చూపిన ‘ఛోటా భీమ్’ 2012లో వెండితెరపై బొమ్మల చిత్రముగను, 2024లో అదే కథతో నటీనటుల చిత్రముగను వెలువడినది.

ఇట్టి చిత్రములను గూర్చి రెండు అభిప్రాయములు వినవచ్చుచుండును. ఇది పాత సొమ్మును మరల మార్చుకొను వర్తకమే యని కొందరు తోసిపుచ్చుదురు. పిల్లలకు నచ్చిన చాలును, చర్చ యేల అని మరికొందరందురు. రెండును తొందరపాటు మాటలే. పాత కథను కొత్త రూపమున చెప్పుట అనువాదము వంటి పని. భాషనుండి భాషకు పోవునపుడు ఏది నిలువవలెను, ఏది మారవలెను అను ప్రశ్న ఎట్లు పుట్టునో, గీతనుండి దేహమునకు, పుటనుండి తెరకు పోవునపుడును అట్లే పుట్టును. ఈ ప్రశ్నకు భారతదేశమున దొరకు మంచి సమాధానములలో ఒకటి కలకత్తా నగరమందలి భవానీపూర్‌తో సంబంధము గల ఒక కుటుంబచరిత్రలో నున్నది.

ఉపేంద్రకిశోర రాయచౌధురి (1863–1915) వంగదేశమున బాలసాహిత్యమునకు పునాది వేసినవారిలో అగ్రగణ్యులు. కథకులు, చిత్రకారులు, సంగీతజ్ఞులు, అచ్చుపనిలో ఛాయాచిత్రములను ముద్రించు పద్ధతులపై స్వయముగా పరిశోధించినవారు. 1913లో వారు ‘సందేశ్’ అను పిల్లల మాసపత్రికను స్థాపించిరి. ఆ మాటకు వంగభాషలో వార్త అనియు, మిఠాయి అనియు రెండర్థములు కలవు. పత్రిక లక్ష్యము ఆ రెండర్థములలోనే ఇమిడియున్నది. గొంతు లేని గాయకుడు గూపీ, తాళము తెలియని డోలుగాడు బాఘా, వీరిరువురి కథ 1915లో ఆ పత్రికలోనే వెలువడినది. ఊరివారు తరిమివేసిన ఆ యిరువురు అడవిలో కలిసికొని, భూతములను మెప్పించి, వరములు పొంది, రాజుల కొలువుల కెక్కుట ఇందలి ఇతివృత్తము.

ఆ సంవత్సరముననే ఉపేంద్రకిశోరులు గతించిరి. కుమారుడు సుకుమార్ రాయ్ పత్రికాభారమును వహించి, హాస్యకవిగా వంగసాహిత్యమున చిరస్థానము సంపాదించి, 1923లో ముప్పదియారేండ్ల వయస్సు నిండకయే కన్నుమూసిరి. కొంతకాలమునకు ముద్రణాలయము చేయి జారినది, పత్రిక ఆగినది, ఇల్లు పోయినది. సుకుమారుల భార్య తన యేకైక పుత్రుని వెంటబెట్టుకొని గడ్‌పార్ రోడ్డు ఇంటినుండి భవానీపూర్‌లోని బకుల్‌బాగాన్‌లో నున్న తన సోదరుని ఇంటికి వచ్చెను. ఆ బాలుడే సత్యజిత్ రాయ్. అప్పటికి వానికి ఆరేండ్లు నిండలేదు.

అచ్చుయంత్రముల చప్పుడు నడుమ పుట్టిన బాలుడు అచ్చుయంత్రము లేని ఇంటిలో పెరుగవలసి వచ్చినది. కాని భవానీపూర్ అతనికి వేరొక సంపదను ఇచ్చినది. తన బాల్యస్మృతుల గ్రంథమున సత్యజిత్ మాంత్రికదీపమును గూర్చి ప్రేమతో వ్రాసిరి. పెట్టెలో దీపము, ముందు కటకము, నడుమ బొమ్మలు, ఎదుట గోడమీద కదలు రూపములు! తండ్రితాతల కళ కాగితముమీది బొమ్మ. మనుమని కళ గోడమీది వెలుగు. ఆ రెంటికిని వంతెన ఈ పేటలోనే కుదిరినదనుట అతిశయోక్తి కాదు. పూర్ణ, బిజలీ, ఇందిరా మొదలగు చిత్రశాలల పేరులతో భవానీపూర్ అనంతరకాలమున వంగ చలనచిత్ర ప్రేక్షకులకు సుపరిచితమైన ప్రాంతమయ్యెను.

సత్యజిత్ మొదట పుస్తకములకు బొమ్మలు వేయువారు. విభూతిభూషణుల ‘పథేర్ పాంచాలి’ నవలకు పిల్లల కొరకు చేసిన సంక్షిప్తరూపమునకు బొమ్మలు గీయుచుండగనే దానిని చలనచిత్రముగా తీయు ఊహ ఆయనకు కలిగినది. 1955లో ఆ చిత్రము వెలువడి లోకప్రసిద్ధమైనది. 1961లో ఆయన కవి సుభాష్ ముఖోపాధ్యాయతో కలిసి ‘సందేశ్’ పత్రికను మరల ప్రారంభించిరి. ఈ క్రమము గమనింపదగినది. తాతగారి కథను తెరకెక్కించుటకు ముందే తాతగారి పత్రికను తిరిగి బ్రతికించిరి. చిత్రము పిల్లవానిని పుస్తకమువైపు పంపవలెనన్నచో ముందుగా పుస్తకము అంగడిలో ఉండవలెను గదా!

‘గూపీ గాయెన్ బాఘా బాయెన్’ చిత్రము 1969లో విడుదలయ్యెను. నీ చిత్రములన్నియు పెద్దవారికే, విషాదభరితములే యని కుమారుడు సందీప్ చేసిన ఫిర్యాదు దీనికి ఒక ప్రేరణ. ఆరంభమున ధనసహాయము దొరకుట దుర్లభమయ్యెను. చిత్రమంతయు వర్ణములలో తీయవలెనను కోరిక నెరవేరక, తుదిఘట్టము మాత్రమే వర్ణచిత్రముగా మిగిలినది. అయినను వంగదేశమున ఆబాలవృద్ధము దానిని తమదిగా చేసికొనిరి. 1968వ సంవత్సరపు ఉత్తమ కథాచిత్రముగా జాతీయబహుమానమును, దర్శకత్వమునకు మరియొక బహుమానమును దానికి లభించినవి.

తాతగారి కథలో సత్యజిత్ ఏమి నిలిపిరి, ఏమి మార్చిరి? పాత్రల అమాయకత్వమును, భూతములయెడ భయము లేని చనువును, హాస్యమును నిలిపిరి. చిన్నకథను సుమారు రెండు గంటల చిత్రముగా పెంచుటకు పాటలు కూర్చిరి. వానికి సాహిత్యసంగీతములు రెండును తామే సమకూర్చిరి. హల్లా, శుండీ రాజ్యముల నడుమ రానున్న యుద్ధమును కథకు నడిబొడ్డుగా చేసిరి. ఆకలితో నకనకలాడు సైనికులు ఆకాశమునుండి దిగివచ్చిన మిఠాయి కుండలను చూచి ఆయుధములు పారవైచి పరుగెత్తుదురు. యుద్ధము ఎవరికి కావలెను, తిండి ఎవరికి కావలెను అను విషయము ఒక్క ఉపన్యాసమైనను లేకుండ పిల్లలకు బోధపడును. వియత్నాం యుద్ధము లోకమును కలచివేయుచున్న కాలమున ఈ మార్పు జరిగినదని స్మరించినచో దాని ఔచిత్యము మరింత స్పష్టమగును.

ఈ చిత్రమందలి భూతనృత్యము తెలుగు పాఠకునకు ప్రత్యేకముగా ఆసక్తి కలిగింపగలది. భూతములు నాలుగు తెగలు: రాజులు, సామాన్యజనులు, తెల్లదొరలు, స్థూలకాయులు. వంగదేశపు సామాజికచరిత్ర యంతయు దయ్యముల వేషమున ఆడినట్లుండును. ఈ నాలుగు తెగలకు దర్శకులు ఎన్నుకొన్న వాద్యములు దక్షిణదేశపు తాళవాద్య కచేరినుండి వచ్చినవి: మృదంగము, కంజీర, ఘటము, మోర్సింగు. రాజభూతములకు మృదంగము దక్కినది. మూలకథలో అక్షరములుగా నున్న సందడిని లయగా అనువదించుటకు వంగకళాకారుడు కావేరీ, కృష్ణా తీరముల వాద్యములను ఆశ్రయించెను. మూలమునకు విధేయత అనగా మూలములో నున్నదానినే పట్టుకొని వ్రేలాడుట కాదని దీనివలన తెలియును. అదే చిత్రమున బర్ఫీ యను మాంత్రికుని పాత్ర ధరించిన హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ హైదరాబాదులో జన్మించినవారు, సరోజినీనాయుడుగారి సోదరులు.

కథ అంతటితో ఆగలేదు. 1980లో వచ్చిన ‘హీరక్ రాజార్ దేశే’ గూపీ బాఘాలను నిరంకుశుడైన వజ్రరాజు కొలువునకు తీసికొనిపోయినది. అందు ప్రజల మెదడులను కడిగి రాజస్తుతులను నింపు యంత్ర మొకటి యున్నది. పాత్రలు ప్రాసలతో మాటలాడుదురు. బడి మూయబడిన ఉపాధ్యాయు డొక్కడే వచనమున మాటలాడును. అత్యవసర పరిస్థితి (1975–77) స్మృతి చెదరని ప్రేక్షకులకు ఆ వచనము విలువ ఏమిటో ఒకరు చెప్పవలసిన పని లేకపోయినది. మూడవ చిత్రమునకు కుమారుడు సందీప్ దర్శకత్వము వహించిరి.

ఇచట ఒక చమత్కారము కలదు. సాధారణముగా బొమ్మలే మొదట, నటులు తరువాత. గూపీ బాఘాల విషయమున క్రమము తారుమారైనది. నటుల చిత్రము వచ్చిన నాలుగు దశాబ్దములకు పిమ్మట శిల్పా రానడే దర్శకత్వమున, బాలల చలనచిత్ర సంఘము అండతో, హిందీలో ‘గోపీ గవయ్యా బాఘా బజయ్యా’ అను బొమ్మల చిత్రము తయారై 2013లో టొరంటో చలనచిత్రోత్సవమున ప్రదర్శింపబడినది. దీనికి ఆధారము గుల్జార్ హిందీలో తిరిగి చెప్పిన కథ. వంగకథ హిందీకథయై, హిందీకథ బొమ్మయై, బొమ్మ వెండితెర కెక్కినది. నటుల ముఖములు జనహృదయమున ముద్రపడిన పిమ్మట వానిని అనుకరింపక, గీతకు సహజమైన స్వేచ్ఛను వెదకుటయే ఇట్టి పనిలో కష్టము. తపన్ చటర్జీ గూపీగను, రవి ఘోష్ బాఘాగను చూచినవారికి వేరొక గూపీ బాఘాలు రుచింపుట సులభము కాదు. కాని కొత్త బాలునకు ఆ బరువు లేదు. భవానీపూర్ వీధులలో వంగభాషతో పాటు గుజరాతీ, పంజాబీ, హిందీ మాటలు వినబడును. వంగలిపి చదువనేరని పొరుగింటి పిల్లవానికి ఉపేంద్రకిశోరుల కథ చేరవలెనన్న ఇట్టి ద్వారము అవసరము.

ఈ దృష్టాంతమునుండి కొన్ని సూత్రములు తేలుచున్నవి. మొదటిది: బొమ్మకును దేహమునకును ధర్మములు వేరు. లడ్డు తినగనే బలము పుంజుకొని కొండలను కదలించు బొమ్మ బాలుని ఏ బిడ్డయు ప్రశ్నింపడు. గీతకు బరువు లేదు గనుక. అదే పని నిజమైన పిల్లవాడు చేసినచో అది యంత్రకల్పితమైన గారడిగా కనబడును. కావున గీతలోని అతిశయమును దేహమున యథాతథముగా ఉంచబూనినచో చిత్రము నీరసించును. ఆ అతిశయమును నటనలోనో, పాటలోనో, లయలోనో వెదకవలెను. భూతనృత్యము అట్టిది.

రెండవది: పునరుద్ధరణము వేరు, పునఃకథనము వేరు. 1957లో కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున వెలువడిన ‘మాయాబజార్’ 2010లో వర్ణములు పూసికొని మరల ప్రదర్శితమయ్యెను. ఇది పాత పటమునకు కొత్త చట్రము కట్టుట వంటిది. ఇక ‘మాయాబజార్’ స్వయముగా పునఃకథనమే. శశిరేఖా పరిణయము వ్యాసభారతమున లేదు. జానపదుల కల్పనయు, నాటకరంగమును దానిని పెంచినవి. తరువాత తెర దానిని స్వీకరించినది. రంగు వేయుటవలన పాత చిత్రము కొత్త కండ్లకు దగ్గర కావచ్చును. కాని కొత్త కాలపు ప్రశ్నకు సమాధానము చెప్పు శక్తి పునఃకథనమునకే కలదు.

మూడవది అన్నింటికంటె ముఖ్యము. చిత్రమునకు వెనుక పుస్తకము బ్రతికియుండవలెను. ఈ విషయమున తెలుగువారి అనుభవము ఆలోచనీయము. 1947లో చక్రపాణి, నాగిరెడ్డిగార్లు ‘చందమామ’ను వెలువరించిరి. ‘మాయాబజార్’ను నిర్మించినవారును వారే. కలకత్తాలో ఒక కుటుంబమున వలెనే మద్రాసులో ఒక సంస్థయందు పిల్లల పత్రికయు, చలనచిత్రమును ఒకే కప్పుక్రింద పెరిగినవి. కొడవటిగంటి కుటుంబరావుగారి సంపాదకత్వమున ఆ పత్రిక తెలుగు వచనమునకే ఒక బడియైనది. విక్రమార్కుడు శవమును భుజమున వేసికొని పోవు బొమ్మ తెలియని తెలుగు బిడ్డ ఒకప్పుడు లేడు. ‘సందేశ్’ ఆగి, మనుమని చేతిలో తిరిగి లేచినది. ‘చందమామ’ 2013 నాటికి అచ్చు నిలిచిపోయినది. దానిని మరల ఎత్తుకొను చేతులు ముందునకు రాలేదు.

భేతాళకథలను రేపు ఎవరైనను తెరకెక్కింపవచ్చును. కావలసిన యంత్రములును, పనివారును హైదరాబాదులోనే యున్నారు. కాని ఆ చిత్రము చూచి ఇంటికి వచ్చిన పిల్లవాడు, తరువాతి కథ ఏది యని అడిగినపుడు చేతికందు తెలుగు పుస్తకము లేనిచో, ఆ చిత్రము ఒక సాయంకాలపు వినోదముగా ముగియును. భవానీపూర్‌లో పెరిగిన ఆ కళాకారుడు పత్రికను 1961లోను, చిత్రమును 1969లోను తెచ్చుట యాదృచ్ఛికము కావచ్చును. అయినను పాత బొమ్మలను కొత్త తెరకు మోయదలచినవారు అనుసరింపదగిన వరుస అదియే.