షుంపీటరు గ్రంథము - గుడియాత్తము మగ్గము

ధనస్వామ్యము, సామ్యవాదము అను మాటలు వినబడగనే విద్యార్థి గోష్ఠులు రెండు పక్షములుగా చీలుట పరిపాటి. జోసెఫ్ షుంపీటరు 1942లో ప్రకటించిన ‘ధనస్వామ్యము, సామ్యవాదము, ప్రజాస్వామ్యము’ అను గ్రంథము చర్చకు వచ్చినపుడు ఈ యలవాటు పనికిరాదు. ఏలయన, ఆ గ్రంథము ఏ పక్షమునకును పూర్తిగా తోడ్పడదు.

షుంపీటరు 1883లో మొరావియాలో జన్మించెను. 1919లో కొన్ని నెలలు ఆస్ట్రియా ఆర్థికమంత్రిగా నుండి, 1932 నుండి హార్వర్డులో బోధించి, 1950లో మరణించెను. ఆయన సామ్యవాది కాడు. ఐనను ధనస్వామ్యము నిలువజాలదనియు, సామ్యవాదము నడువగలదనియు వ్రాసెను. ధనస్వామ్యము వైఫల్యముచేత గాక తన విజయముచేతనే క్షీణించునని ఆయన వాదము. కొత్త యంత్రమును, కొత్త సరకును సాహసించి తెచ్చు వ్యవస్థాపకుని పని పెద్ద సంస్థలలో జీతగాండ్ర నిత్యకృత్యమగును. సొంత యజమాని యున్నచోటికి వాటాదారు వచ్చును. ఆ సొత్తుకై పోరాడు పట్టుదల అతనికి ఉండదు. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైనది గదా, ఈ జోస్యము తప్పలేదా యని విద్యార్థులు అడుగుట సహజము. తాను చెప్పినది జోస్యము కాదు, ధోరణి మాత్రమేనని ఆయన సూచించియే యుండెను. ఇది కొంత తప్పించుకొను సమాధానమే.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడునప్పుడు ఉత్తర ఆర్కాటులో మిగిలిన వేలూరు ప్రాంతమున తెలుగువారు తరతరములుగా నివసించుచున్నారు. సత్తువాచారి, గుడియాత్తముల విద్యార్థులకు ఇంతకంటె దగ్గరి ప్రశ్న ఆ గ్రంథము ఏడవ అధ్యాయమున గలదు. ధనస్వామ్యమున అసలు పోటీ ధరలది కాదనియు, కొత్త పద్ధతి పాత పద్ధతిని వేళ్లతో పెకలించుటయే ప్రధానమనియు షుంపీటరు అందు వివరించి, దానికి ‘సృజనాత్మక వినాశము’ అని పేరిడెను. రాణులకు మరికొన్ని పట్టు మేజోళ్లు చేకూర్చుట ధనస్వామ్యపు ఘనత కాదనియు, వానిని కర్మాగారమున పనిచేయు పడుచులకు అందుబాటులోనికి తెచ్చుటయే దాని ఘనతయనియు ఆయన వేరొకచోట చెప్పెను. కొనువారి వైపునుండి చూచినచో ఇది నిజమే. నేయువారి వైపునుండి?

గుడియాత్తము చేనేత లుంగీలకు పేరుపొందిన ఊరు. చేతిమగ్గము దినమంతయు నేయుదానిని మరమగ్గము కొద్ది గంటలలో నేయును. లుంగీ చౌకయగును, కట్టుకొనువానికి లాభము. నష్టమంతయు ఒక్క వీధిపై పడును. దక్షిణ భారత నేతగాండ్ర స్థితిగతులను పరిశీలించి చేనేత అర్థశాస్త్రముపై 1930లో గ్రంథము ప్రకటించిన ఆచార్య ఎన్.జి. రంగా తెలుగువాడే. నూలు, అప్పు, అమ్మకము అను మూడింటను నేతగాడు పరాధీనుడగుట ఈ వృత్తిని ఎన్నాళ్లనుండియో పట్టియున్న చిక్కు. మద్రాసు రాష్ట్రమున చేనేత సహకార విక్రయ సంస్థ 1935లోనే ఏర్పడుటకు కారణమిదియే.

ఈ విషయమున షుంపీటరు కఠినుడని తొందరపడి తీర్పు చెప్పరాదు. ఎనిమిదవ అధ్యాయమున, కాలము చెల్లిన పరిశ్రమను ఎల్లకాలము నిలుపుట వ్యర్థమే యైనను, అది ఒక్కసారిగా కూలకుండ క్రమముగా వెనుకకు తగ్గునట్లు చేయుట తగునని ఆయన యొప్పుకొనెను. చర్చ నిలువవలసిన చోటు ఇదియే.

భారతదేశమున ఆ క్రమమైన తిరోగమనమునకు సాధనముగా 1985లో చట్టమొకటి వచ్చెను. కొన్ని వస్త్రములను చేతిమగ్గమునకే ప్రత్యేకించిరి. మొదట 22గా నున్న ఆ రకములు తరువాత 11కు తగ్గెను. ఆ పదునొకండింటను లుంగీ యున్నది. 1993లో సర్వోన్నత న్యాయస్థానము చట్టమును సమర్థించెను. ఆచరణలో మాత్రము కట్టుదిట్టము చాలలేదు. మరమగ్గపు బట్ట చేనేత పేరుతో అమ్ముడగుట బజారున అందరెరిగినదే.

ప్రజాస్వామ్యమనగా ఓట్లకై నాయకులు పడు పోటీయని షుంపీటరు నిర్వచించెను. ఓటుగల నేతగాడు చట్టమును తెప్పించుకొనగలిగెను, దానిని అమలు జరిపించుకొనలేకపోయెను. ఈ తేడాకు ఆయన నిర్వచనము ఎంతవరకు సమాధానమిచ్చునో గోష్ఠి తేల్చవలెను. విద్యార్థులు ముందుగా గుడియాత్తము పోయి, ఒక లుంగీకి నూలు ధర యెంత, నేతకూలి యెంత, అంగడిలో అమ్మకపు ధర యెంత యని వ్రాసికొని వచ్చినచో ఎనిమిదవ అధ్యాయము మరింత తేటగా బోధపడును.