పావు, పాతిక, 0.25: భిన్న, దశాంశ, శాతాల బోధనలో తెలుగు సంఖ్యాపదాల పాత్ర

వ్యాససంగ్రహం

మాధ్యమిక తరగతుల గణితంలో భిన్నాలు, దశాంశాలు, శాతాలు వేర్వేరు పాఠాలుగా వస్తాయి. ఒకే పరిమాణానికి ఇవి మూడు రాతలన్న అవగాహన చాలామంది విద్యార్థులకు ఆలస్యంగా కలుగుతుంది. అర, పావు, ముప్పావు, పాతిక, వీసం వంటి తెలుగు సంఖ్యాపదాలు ఈ మూడింటినీ కలిపే వంతెనగా ఎలా ఉపయోగపడతాయో, ఆ వంతెన ఎక్కడ ఆగిపోతుందో చోడవరం ప్రాంతపు చెరకు లెక్కల ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: భిన్నాలు, దశాంశాలు, శాతం, తెలుగు సంఖ్యాపదాలు, గణితబోధన, చోడవరం.

1. ఉపోద్ఘాతం

గణితబోధనను గణితోపాధ్యాయుల విషయంగానే భావించడం పరిపాటి. అయితే భిన్నాన్ని విద్యార్థి మొదట వినేది ఒక పేరుగా. ఆ పేరు ఏ భాషలో ఉంది, అది ఏ అర్థాన్ని స్ఫురింపజేస్తుంది అన్నవి భాషాధ్యయనానికి సంబంధించిన ప్రశ్నలు. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 విద్యాసంవత్సరం నుంచి ఇంగ్లీషు, తెలుగు ఎదురెదురు పుటల్లో ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒకే లెక్కను రెండు భాషల్లో చదివే ఈ తరానికి సంఖ్యల పేర్ల విషయం మరింత ముఖ్యమైంది.

2. మూడు పిలుపులు, మూడు అర్థాలు

3/4 అన్న రాతను తెలుగు విద్యార్థి మూడు విధాలుగా చదవగలడు. ‘మూడు బై నాలుగు’ అన్నది రాతను పైనుంచి కిందికి చదవడమే. అందులో రెండు అంకెలు వినబడతాయి తప్ప వాటి మధ్య సంబంధం వినబడదు. ‘నాలుగింట మూడు వంతులు’ అన్నప్పుడు మొత్తాన్ని నాలుగు భాగాలు చేసి మూడు తీసుకోవడమన్న క్రియ మాటలోనే ఉంది. ‘ముప్పావు’ అన్నది మూడు పావులు. ఇక్కడ పావు ఒక ప్రమాణం, మూడు దాని లెక్క.

‘నాలుగింట మూడు’ అనే తీరు కొరియన్ భాషలోనూ ఉంది. ఐరిన్ మియురా బృందం 1999లో కొరియా, క్రొయేషియా, అమెరికా పిల్లలను పరిశీలించి, భిన్నాలు బడిలో నేర్పకముందే కొరియా పిల్లలు వాటిని బొమ్మలతో ఎక్కువగా జతచేయగలిగారని చూపింది. భిన్నపు పేరులోనే భాగసంబంధం ఉండటం ఇందుకు తోడ్పడిందని ఆ బృందం భావించింది. 2003లో పైక్, మిక్స్ ఈ వాదాన్ని మళ్ళీ పరీక్షించారు. ఇంగ్లీషులోనే భాగసంబంధం తెలిపే పేర్లతో చెప్పినప్పుడు అమెరికా పిల్లల ఫలితాలూ మెరుగయ్యాయని వారు గుర్తించారు. అంటే అవగాహనను మాతృభాష ఒక్కటే నిర్ణయించదు. ఉపాధ్యాయుడు ఎంచుకునే పేరు మాత్రం దానిని ప్రభావితం చేస్తుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. ‘నాలుగింట మూడు’ అన్నప్పుడు ముందుగా వినబడేది హారం. విన్న క్రమంలోనే పైనుంచి రాస్తే అది 4/3 అవుతుంది. కాబట్టి గీత గీసి, కింద హారాన్ని, తరువాత పైన లవాన్ని రాయించడం మంచిది. అప్పుడు పలికే క్రమమూ రాసే క్రమమూ ఒకటవుతాయి.

3. నాలుగుతో సాగిన సంప్రదాయం

మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన సారసంగ్రహ గణితంగా తెలుగు చేశాడు. సంస్కృత మూలంలో భిన్నాల ప్రకరణం పేరు కలాసవర్ణం. ‘కల’ అంటే పదహారో వంతు. తెలుగు లెక్కల్లో ఆ పదహారో వంతే వీసం. రూపాయిలో అది అణా. సంపూర్ణమైన దానిని ‘పదహారణాల’ అనడం ఈ లెక్క నుంచి వచ్చిందే. నేటి భాషలో అది నూటికి నూరుపాళ్ళు.

పాత తెలుగు లెక్కల్లో భిన్నాలకు ప్రత్యేక అంకెలుండేవి. కాలు, అర, ముక్కాలు అనే నాలుగో వంతులకు నిలువు గీతలు; వీసం, పరక, మువ్వీసం అనే పదహారో వంతులకు అడ్డగీతలు. ఆపైన అరవైనాలుగో వంతు కాణి. ఈ అంకెలు 2008లో వెలువడిన యూనికోడ్ 5.1లో చేరాయి. ఒకట్ల స్థానానికి కుడివైపున ప్రతి స్థానమూ ముందుదానిలో నాలుగో వంతు కావడం ఈ పద్ధతి సారం. దశాంశపద్ధతిలో ఆ నాలుగు స్థానంలో పది వస్తుంది. కాబట్టి స్థానవిలువ ఒకట్ల దగ్గర ఆగక కుడివైపుకూ సాగుతుందన్న భావన తెలుగు లెక్కలకు పరాయిది కాదు.

4. పాతిక: ఒక పదం, రెండు అర్థాలు

తెలుగులో పాతిక అంటే నాలుగో వంతు. పాతిక అంటే ఇరవై అయిదు కూడా. నూరులో నాలుగో వంతు ఇరవై అయిదు కావడం వల్ల ఈ రెండర్థాలూ ఒక పదంలో నిలిచాయి. శాతమన్న భావన అంతా ఇందులో ఉంది. పది వరుసల్లో వంద గళ్ళు గీసి, నాలుగో వంతుకు రంగు వేయించి గళ్ళు లెక్కపెట్టిస్తే పాతిక వస్తాయి. వందలో ఇరవై అయిదు గనుక 25/100, 0.25, 25 శాతం అన్నీ ఆ బొమ్మలోనే కనబడతాయి. ముప్పాతికకు 75, అరకు 50, పరకకు పన్నెండున్నర, వీసానికి ఆరుంబావు గళ్ళు వస్తాయి.

రూపాయి నాణేల నుంచి ఈ అనుభవం ఒకప్పుడు సహజంగా కలిగేది. 1957 ఏప్రిల్ 1న రూపాయిని వంద నయాపైసలుగా విభజించినా, నాలుగణాల పావలా పేరు మారకుండా 25 పైసలకు నిలిచింది. 2011 జూన్ 30 తరువాత ఆ నాణెం చెల్లుబాటు కాలేదు. రూపాయిలో నూరో వంతును చేతితో తాకే అవకాశం నేటి విద్యార్థికి లేదు. పేరు మాత్రం మిగిలింది. 2004లో రాష్ట్రప్రభుత్వం మహిళా సంఘాలకు తెచ్చిన పథకం పేరు పావలా వడ్డీ. నూటికి నెలకు పావలా, అంటే 0.25 × 12 = 3; ఏడాదికి 3 శాతం.

ఊళ్ళో వడ్డీ నెలకు చెబుతారు, బ్యాంకు ఏడాదికి చెబుతుంది. ‘రెండు రూపాయల వడ్డీ’ని, ‘12 శాతం వడ్డీ’ని పక్కపక్కన పెట్టి ఏది తక్కువ అని అడిగితే, అంకెలను మాత్రమే చూసే విద్యార్థి రెండు అంటాడు. నిజానికది ఏడాదికి 24 శాతం. శాతం పాఠం అర్థంకాకపోతే నష్టం పరీక్షపత్రంతో ఆగదు.

5. చోడవరం చెరకు లెక్క

చోడవరం 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలోనూ, ఆ తరువాత అనకాపల్లి జిల్లాలోనూ ఉంది. ఇది చెరకు పండే ప్రాంతం. సహకార చక్కెర కర్మాగారం సమీపంలోని గోవాడలో ఉంది. ఇక్కడి రైతు కుటుంబాలకు ‘రికవరీ’ పరిచితమైన మాట. రికవరీ 9 శాతమంటే టన్ను చెరకు నుంచి 90 కిలోల చక్కెర.

2024–25 కాలానికి కేంద్రప్రభుత్వం ప్రకటించిన ఎఫ్.ఆర్.పి. ధర 10.25 శాతం రికవరీకి క్వింటాలుకు 340 రూపాయలు. ఆపైన ప్రతి 0.1 శాతానికి 3.32 రూపాయలు కలుస్తాయి. తగ్గితే అదే లెక్కన తగ్గుతాయి. 9.5 శాతం కంటే తక్కువైనా 315.10 రూపాయలకు దిగదు.

ఇప్పుడు 10.25, 10.5లలో ఏది ఎక్కువ? దశాంశ బిందువు తరువాతి అంకెలను పూర్ణసంఖ్యగా చూసే విద్యార్థి, 25 అయిదు కంటే పెద్దది గనుక 10.25 అంటాడు. దశాంశాల బోధనలో ఇది అందరికీ తెలిసిన పొరపాటు. ‘పది పాయింట్ ఇరవై అయిదు’ అన్న ఉచ్చారణ దానిని బలపరుస్తుంది. అవే సంఖ్యలను పదింబావు, పదిన్నర అని చదివిస్తే పావు కంటే అర పెద్దదని వేరే చెప్పనక్కర్లేదు. ఆ తేడా పావు శాతం, అంటే రెండున్నర మార్లు 0.1, ధరలో 2.5 × 3.32 = 8.30 రూపాయలు. అలాగే 10.25 నుంచి 9.5కు, అంటే పదింబావు నుంచి తొమ్మిదిన్నరకు, తగ్గుదల ముప్పావు శాతం. 7.5 × 3.32 = 24.90. దీనిని 340 నుంచి తీసివేస్తే 315.10. కనీస ధర ఎలా వచ్చిందో విద్యార్థే తేల్చగలడు.

6. పరిమితులు

తెలుగు పేర్లు నాలుగు, పదహారుల దారిలో నడుస్తాయి. 0.1కి, 0.3కి అటువంటి సొంత పేర్లు లేవు. 9.8ని, 9.75ని పోల్చడానికి ‘ముప్పావు’ ఒక్కటే చాలదు. అక్కడ పదో వంతు, నూరో వంతు అన్న స్థానవిలువతోనే చెప్పాలి: 9.8 అంటే 9.80, ఎనభై నూరో వంతులు డెబ్భై అయిదు నూరో వంతుల కంటే ఎక్కువ. 9.75ని ‘తొమ్మిది దశాంశం ఏడు అయిదు’ అని అంకెలవారీగా చదివించడమూ అవసరం.

వాడుకలో బిందువు లేదా చుక్క ఉన్నవన్నీ దశాంశాలు కావు. క్రికెట్‌లో 4.3 ఓవర్లంటే నాలుగు ఓవర్ల మూడు బంతులు, అంటే నాలుగున్నర. గడియారంలో 1.30 ఒంటిగంటన్నర, దశాంశంలో అది 1.5. ఇవి కూడా తరగతిలో చర్చించదగినవే.

7. ముగింపు

పై చర్చ నుంచి మూడు సూచనలు తేలుతున్నాయి. మొదటిది, భిన్నాన్ని తొలిదశలో ‘బై’తో కాక ‘ఇంట’, ‘వంతు’లతో చదివించాలి. రెండవది, అర, పావు, ముప్పావులను భిన్నంగా, దశాంశంగా, శాతంగా ఒకే పాఠంలో రాయించిన తరువాతే పదో వంతులకు వెళ్ళాలి. మూడవది, లెక్కలకు వడ్డీ, రికవరీ, తూకం వంటి స్థానిక విషయాలను తీసుకోవాలి. ఇంట్లో పావు, పాతిక వింటూ పెరిగిన విద్యార్థికి 0.25 కొత్త రాతే కాని కొత్త పరిమాణం కాదు. ఈ సంగతిని తెలుగు, గణితం బోధించేవారిద్దరూ కలిసి తరగతిలోకి తీసుకువెళ్ళవలసి ఉంది.